రెండు నిమిషాల నలభయ్యో సెకను

నాకు తాళాలు తీయడం నేర్పిన మేస్త్రి పెట్టిన షరతు ఒక్కటే. తాళం తీసేటప్పుడు పక్కవాడికి వీపు చూపించాలి. ఆ ఇల్లు వాడిదే అయినా సరే. "చేతులు చూపించావంటే నోటి దగ్గరి కూడు నువ్వే తన్నుకున్నట్టు" అనేవాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి ఆయన దగ్గర చేరాను. బడిలో చెప్పినవేవీ గుర్తు లేవు. ఈ మాట మాత్రం ముప్పై ఏళ్ళు గుర్తుంది. ముప్పై ఒకటో ఏట మా మేనల్లుడు కెమెరా పట్టుకుని కొట్టుకు వచ్చాడు.

వాడు మా అక్క కొడుకు. ఉద్యోగం ఒకటి ఉంది; దాని గురించి వాడూ మాట్లాడడు, మేమూ అడగం. సెలవు రోజుల్లో షార్ట్ ఫిల్ములు తీసి నెట్‌లో పెడతాడు. మా ఆవిడ వాణ్ణి డైరెక్టరు గారూ అంటుంది. అది వెటకారమని వాడికి ఇంకా తెలియలేదు. అంతవరకూ తీసిన నాలుగూ చుట్టాలే చూశారు, వాళ్ళైనా సగం దాకానే. ఐదోది, ఇంటి తాళంచెవి పారేసుకుని గుమ్మం ముందు కూర్చున్న ఒకావిడ కథ. అందులో తాళాలు తీసేవాడి వేషం ఉంది.

"నువ్వే చెయ్యాలి మామయ్యా. ఒకటే డైలాగు."

"ఏమిస్తావు?"

"టీ."

టీ కోసం ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళ వయసులో మా ఇంట్లో అద్దం ముందు నేను వెయ్యని వేషం లేదు. ఎవరైనా పిలుస్తారని చూశాను. నలభై నాలుగేళ్ళకు పిలిచారు, అది కూడా తాళాలవాడి వేషానికి.

"తాళం నడుం దగ్గర పెట్టుకో మామయ్యా. క్లోజప్‌లో చేతులు చాలు" అన్నాడు.

"చేతులు చాలితే చేతుల్నే పిలవాల్సింది" అన్నాను. తాళాన్ని గడ్డం పక్కకు ఎత్తి పట్టుకున్నాను, చేతులు పడితే మొహం కూడా పడుతుందని. గొడుగు ఊచ వంచి చేసుకున్న కొక్కెంతో అర నిమిషంలో తీసి, డైలాగు చెప్పాను. "తలుపుకి కోపం రాదమ్మా, మనకే వస్తుంది." ఒకటే టేకు. మేస్త్రి మాట అప్పుడు గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది.

మొదటి వారం రెండు వందల మంది చూశారు. మూడో వారానికి ఐదు వేలు దాటింది. షార్ట్ ఫిల్ములు వేసే పెద్ద ఛానల్ వాళ్ళు వాడికి ఫోన్ చేసి, నెలాఖరులోగా పదివేలు దాటితే తరువాతి ఫిల్ము తీయించి తామే వేస్తామన్నారట. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఫోన్లో ఒక గీత చూపించాడు. జనం ఎక్కడ ఆగి చూశారో, ఎక్కడ పారిపోయారో ఆ గీత చెబుతుందట. జారుడుబల్లలా దిగుతూ వచ్చి ఒక్క చోట గుట్టలా లేచింది.

"రెండు నిమిషాల నలభయ్యో సెకను. నీ సీనే మామయ్యా! వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నారు."

"ఆ మొహం నిజమా, పీడకలా అని మళ్ళీ చూసుకుని ఉంటారు" అంది మా ఆవిడ.

ఎవరేమన్నా, ఆ వారమంతా రోజూ గడ్డం గీసుకున్నాను.

వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ తాళం పట్టుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, పొద్దున వచ్చేసరికి తాళం తెరుచుకుని వేలాడుతోంది. ఇస్త్రీ పెట్టెలు రెండూ పోయాయి. తాళం పగల్లేదు కాబట్టి నువ్వే వెయ్యడం మర్చిపోయావంటున్నాడు పోలీసాయన. మా ఆయనా అదే పాట. వేశానన్నా, లాగి కూడా చూశాను. నువ్వు చూసి చెప్పు."

తాళం విప్పాను. లోపల గోరంత ఊచ ముక్క విరిగి ఉంది, గొడుగు ఊచ. ఈ చుట్టుపక్కల ఆ ఊచ వాడేవాళ్ళం మేస్త్రీ నేనూ ఇద్దరమే. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

"వేశావమ్మా. వేసిన తాళాన్నే తీశారు" అని ఆ ముక్క కాగితంలో చుట్టి ఇచ్చాను. "పోలీసాయనకి చూపించు. కాదంటే నన్ను పిలువు."

"ఎవడన్నా ఆ దొంగ వెధవ?"

"కొత్తగా నేర్చుకున్నవాడు. చెయ్యి ఇంకా తిరగలేదు."

ఎవరి దగ్గర నేర్చుకున్నాడని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. కొత్త తాళం నేనే వెళ్ళి బిగించాను.

ఆవిడ వెళ్ళాక ఫిల్ము కింద జనం రాసినవి మొదటిసారి కూడబలుక్కుని చదివాను. నా మొహం గురించి ఒక్కడూ రాయలేదు. "నలభయ్యో సెకను స్లోగా పెట్టండి బ్రో." "అది గొడుగు ఊచేనా?" "నాకు వచ్చేసింది, థాంక్స్ అంకుల్."

మేనల్లుణ్ణి పిలిపించి విషయం చెప్పాను. వాడు ఫోన్ తీసి లెక్క చూశాడు.

"ఎనిమిది వేల ఆరు వందలు మామయ్యా. ఇంకో వారం ఆగు. పదివేలు దాటగానే తీసేస్తాను."

"ఈలోగా ఇంకో పద్నాలుగు వందల మందికి పాఠం చెప్పమంటావా?"

"తీసి కొత్తగా పెడితే లెక్క మళ్ళీ సున్నా నుంచి. ఆ సీను కత్తిరిస్తే కథలో ఆవిడ ఇంట్లోకి ఎలా వెళ్ళిందో ఎవడికీ అర్థం కాదు."

"వార్తల్లో దొంగల మొహానికి మసక వేస్తారే, అది చేతులకు వెయ్యి."

వెయ్యొచ్చట. గుండ్రంగా ఒక మసక తెచ్చి నా చేతుల మీద పెట్టాడు. తాళం గడ్డం పక్కనే ఉంది కదా, చేతులతో పాటు మొహమూ పోయింది. మసక తగ్గిస్తే చేతులు కనబడతాయి, పెంచితే నేను ఉండను.

"నడుం దగ్గర పెట్టుకోమన్నాను కదా మామయ్యా" అన్నాడు మెల్లగా.

"అన్నావు. నొక్కు."

నొక్కాడు. నా గొంతు మిగిలింది.

రెండు రోజుల్లో గుట్ట కూలిపోయింది. నెలాఖరుకు లెక్క తొమ్మిది వేల పన్నెండు దగ్గర ఆగింది. ఛానల్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. వాడు పది రోజులు మా గడప తొక్కలేదు. పదకొండో రోజున కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చుని ఫోన్ చూపించాడు. ఎవరో రాశారు: "ఆ మసక వెనక ఎవరు? దొంగా?"

"ఏం రాయమంటావు?"

"ఏమీ రాయకు."

అప్పుడే ఒకాయన పెట్టె మోసుకొచ్చాడు, తాళంచెవి పోయిందని. కొక్కెం తీసుకుని, పెట్టెతో సహా గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"మామయ్యా, నేనే కదా ఉంది. కెమెరా కూడా తేలేదు" అన్నాడు వెనక నుంచి.

"తేకపోయినా ఇంతే" అన్నాను.