వంక మలుపులో డ్రమ్ములు

వాన రావద్దని దాసన్న దేవుణ్ణి వేడుకున్నాడు. బుద్ధెరిగాక అలాంటి ప్రార్థన అతని నోట ఎన్నడూ రాలేదు. పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో వాన వద్దన్నవాణ్ణి పిచ్చోడంటారు మరి. అదీగాక మొన్న ఆదివారమే చర్చిలో వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. అతని భార్య రాహేలమ్మ పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మోకాళ్ల మీదే ఉంది. ఇప్పుడా ప్రార్థన ఫలించేటట్టే ఉంది. పడమటి గుట్టల మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

అంతా ఊరి పక్క వాగు, ఆ వంక మలుపులో పడి ఉన్న నీలం డ్రమ్ముల వల్లే. ఏ కంపెనీవాడో, వాడి చేతులు పడిపోను, రాత్రికి రాత్రి లారీలో తెచ్చి ఎండిన వంకలోకి దొర్లించి పోయాడు. వాటి మీద పేరు లేదు, గుర్తు లేదు. నీళ్లకు కటకటలాడే ఊళ్లో మూతున్న డ్రమ్మంటే బంగారమే కదా! మారెన్న అనే అతను ఆశపడి ఒకదాన్ని ఇంటికి దొర్లించుకుపోదామని చెయ్యి వేశాడు. మూత దగ్గర కారుతున్నదేదో తగిలి అరచేతి తోలు ఊడొచ్చింది. ఆసుపత్రిలో పడ్డాడు. అప్పటికిగాని ఊరికి బుద్ధి రాలేదు.

ఫైరింజన్ వాళ్లొచ్చి, ముక్కులకు మాస్కులు తగిలించుకుని దూరం నుంచే చూసి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. లోపల ఏముందో తమకూ తెలియదన్నారు. ఎవరూ దగ్గరికి పోవద్దని, వాటిని ఎత్తే బండి రేపు పొద్దున వస్తుందని చెప్పి చక్కా పోయారు.

రేపట! వానకు రేపటిదాకా ఓపికుంటుందా? వంకకు నీళ్లొచ్చాయంటే డ్రమ్ముల్లోది మలుపు దిగి నేరుగా ఊటబావిలోకే పోతుంది. ఊరంతా తాగేది ఆ బావి నీళ్లే. చంటిబిడ్డలకు కాచి పట్టేదీ అవే.

డ్రమ్ముల చుట్టూ కట్ట వేద్దామా అంటే, మలుపులో రాయీ ఇసుకా తప్ప గట్టి మన్ను లేదు. దాసన్న ఫైరింజన్ వాళ్లకు ఫోను చేశాడు. కాళ్లు పట్టుకుంటానన్నా అవతలివాడు బండి రేపే అన్నాడు. మాటలు చెప్పడానికి వాడికేం పోయింది! దాసన్న రాహేలమ్మను బావి దగ్గరికి పంపాడు. ఎవరినీ బిందె ముంచనియ్యొద్దని, వంక వస్తే నీళ్లలో మందు వాసన ఉందేమో చూడమని చెప్పాడు.

అంతలో గుట్టల మీద వాన దిగింది. ఊళ్లో ఒక్క చినుకు లేదు, అయినా పైన అంత పడిందంటే వంక రాకుండా ఉండదు.

ఒక్క దారి ఉంది. అది దాసన్నకు మొదటి నుంచీ తెలుసు, తెలిసే అటువైపు చూడకుండా కాలం గడిపాడు. వంక అతని చేను చుట్టూ తిరిగి పారుతుంది. మలుపుకు పైన చేనిగట్టు తెంచి, ఆ మన్నూ రాళ్లూ వంకకు అడ్డం వేస్తే, నీళ్లు పల్లంలో ఉన్న చేనులో పడి, మలుపు దాటాక మళ్లీ వంకలో కలుస్తాయి. డ్రమ్ముల జోలికి పోవు.

కానీ ఆ చేనులో ఉన్నది టమాటా. రాహేలమ్మ టమాటా. వాన పడాల్సిన ఆరుద్ర కార్తె కూడా ఎండగానే పోతే, జనం నవ్వుతున్నా లెక్కచెయ్యక, బావి నుంచి బిందెలు మోసి మొక్కమొక్కకూ పోసి బతికించింది ఆ మహాతల్లి. ఆమె మెడనొప్పి ఇంకా తగ్గలేదు. కాయ ఎరుపెక్కింది, ఎల్లుండి కోత. ఆమెను అడగాలి, న్యాయంగా అడిగే తెంచాలి. కానీ బావి దాకా పోయి వచ్చే వ్యవధి లేదు. ఉన్నా అడిగే ధైర్యం అతనికి లేదు.

పార పట్టుకుని గట్టెక్కుతుంటే పక్క చేను కంబన్న పరుగున వచ్చాడు.

"ఏమప్పా, మతి పోయిందా? నీ శేను నువ్వే ముంచుకుంటావా?"

"బావి పోతే ఈ శేను పెట్టుకోని ఏం జేసుకోవాల కంబన్నా?"

కంబన్న ఏదో గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. పోయి గడ్డపార తెచ్చాడు. ఇద్దరూ రొప్పుతూ తవ్వారు, మన్ను వంకలోకి నెట్టారు, రాళ్లు దొర్లించారు. దాసన్న చేతులు బొబ్బలెక్కాయి. పైన వంక హోరు వినబడింది. కాసేపటికి ఎర్రనీళ్లు బుసలు కొడుతూ వచ్చి అడ్డానికి కొట్టుకుని చేనులోకి తిరిగాయి. సాళ్లకు సాళ్లే లేచిపోయాయి. దాసన్న గట్టు మీద నిలబడి బావురుమన్నాడు. కంబన్న చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకపోయింది.

మలుపులో డ్రమ్ముల కింద ఇసుక పొడిగానే ఉంది. అది చూశాక, వంక వెంబడి బావి దాకా పరుగెత్తాడు. రాహేలమ్మకు ఏమని చెప్పాలో దారి పొడుగునా తోచలేదు.

చెప్పే అవసరం రాలేదు. బావి దగ్గర జనం ఖాళీ బిందెలతో దూరంగా నిలబడ్డారు. రాహేలమ్మ ఒక్కతే వంక అంచున ఉంది. ఎర్రనీళ్ల మీద టమాటాలు తేలుతూ వస్తున్నాయి. అందినన్ని ఏరి చెంగులో వేసుకుంది. ఏ చేనివో ఆమెకు ఒకరు చెప్పాలా?

ఆమె అతని చేతుల బొబ్బలు చూసింది.

"మందు వాసన ల్యాదు," అంది. "మన్ను వాసన, టమాటా ఆకు వాసన. అంతే."

దాసన్న వంగి, చేతికందిన కాయ ఒకటి ఏరి ఆమె చెంగులో వేశాడు.

"వాన కావాలని ఉపాసముండింది నేనే గదయ్యా," అంటూ రాహేలమ్మ అక్కడే కూలబడింది. చెంగులో కాయలు మళ్లీ నీళ్లలోకి దొర్లిపోయాయి. దాసన్న ఆమె పక్కన కూర్చున్నాడు. వంకలో టమాటాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.