రెండు సైజులు పెద్ద చెప్పులు

కాశీబుగ్గలో తల్లీబిడ్డల సామాన్ల కొట్టు పెట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. కడుపుతో ఉన్న పిల్ల ఒక పక్కన నిలబడి ఉంటుంది, వెంట వచ్చినవాళ్ళు సరుకు ఎంచుతారు. మోసేది ఒకరు, బేరమాడేది ఇంకొకరు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వ్యాపారం కదా అని నోరు మూసుకుంటాను గానీ, నాది ఎక్కువసేపు మూసి ఉండే నోరు కాదు.

ఆ మధ్యాహ్నం మంచినీళ్ళపేట నుంచి కన్నమ్మ తన కోడలు పావనిని వెంటబెట్టుకుని వచ్చింది. కన్నమ్మ నాకు కొత్త కాదు. ఒకప్పుడు మా వీధికి చేపలు తెచ్చేది, తూకం అయ్యాక ఒకటో రెండో పైన పడేసేది. ఆమె కొడుకు శివాజీ గుజరాత్ వెళ్ళి వెరావల్‌లో బోటు మీద పని చేస్తున్నాడు. వేటకు వెళ్తే మళ్ళీ ఒడ్డుకు చేరేదాకా ఫోను కలవదు. పావనికి తొమ్మిదో నెల వచ్చింది, తొలి కాన్పు.

"పుట్టకముందు పిల్లకేటీ కొనకూడదు. తల్లికే కొంతాం. ఏటేటి పనికొత్తాయో నువ్వే సెప్పు దుర్గమ్మా," అంటూ కన్నమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

పనికొచ్చేవే తీశాను. ముందువైపు జిప్పున్న నూలు నైటీలు, పాలిచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకునే దిండు, పాలు కారితే తడి పీల్చే మెత్తలు. పక్కనే ఉన్న పంపు పెట్టె మీద కన్నమ్మ కన్ను పడింది.

"ఇదేటి?"

"పాలు పిండే మిషను."

"ఆవులకా?"

"మనుషులకే. అందరికీ అక్కర్లేదులే. పిల్ల పట్టలేకపోతేనో, తల్లి ఉద్యోగానికి వెళ్ళాల్సి వస్తేనో. ఇప్పుడు కొనకు."

"కొనొద్దని సెప్పే కొట్టు ఇదొక్కటే సూసేను," అని ఆమె పగలబడి నవ్వింది.

పావని నవ్వలేదు. దిండు వైపు చూడలేదు, నైటీ రంగు అడగలేదు. అత్త అటు తిరిగినప్పుడు మెల్లగా నా దగ్గరకొచ్చి, "అక్కా, పెద్ద సైజు సెప్పులున్నాయా? మెత్తవి," అంది. తన సైజు కంటే రెండు సైజులు పెద్దవి తీసుకుంది. ఆ తర్వాత ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. మోకాలి దాకా బిగించి పట్టే మేజోళ్ళు. "ఇవేసుకుంతే కాళ్ళు సన్నబడతాయంట కదా? పొడవు సీర కట్టుకుంతే కనబడవు కూడా."

ఎవరికి కనబడవు? ఆ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడే పరీక్షగా చూశాను. ఆ పిల్ల వేసుకొచ్చినవి మగవాళ్ళ రబ్బరు చెప్పులు. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, మళ్ళీ దగ్గరకు తెచ్చి చూస్తోంది. రెండు చేతుల నిండా సీమంతం గాజులున్నాయి. చెయ్యి కదిపితే అవి గలగలమనాలి. ఏ చప్పుడూ లేదు. గాజులు మణికట్టు కండలో దిగబడి ఉన్నాయి.

కన్నమ్మ బాలింతకు పెట్టే కాయానికి శొంఠి, పిప్పళ్ళు కొనాలని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్ళింది. ఆమె మెట్లు దిగగానే పావనిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మకానికి ఉంచిన బీపీ మిషను పెట్టె విప్పాను.

"వొద్దక్కా, నాను బాగానే ఉన్నాను."

"బాగా ఉన్నవాళ్ళకే చూస్తాను, చెయ్యి ఇలా పెట్టు."

నూట డెబ్బై మీద నూట పది. మిషను తప్పేమో అనుకుని కాసేపాగి మళ్ళీ చూశాను. ఇంకొంచెం పెరిగింది గానీ తగ్గలేదు. నేను డాక్టర్ని కాను. నూట నలభై దాటితే డాక్టరును కలవమని ఆ పెట్టె మీదే అచ్చు వేసి ఉంటుంది.

"తలనొప్పి ఉందా?"

"రెండ్రోజుల్నుంచి. కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నట్టుంతాంది."

"అత్తకు చెప్పలేదా?"

అంతే, ఆ పిల్ల కుర్చీలోంచి జారి నా కాళ్ళ మీద పడబోయింది. పొట్ట అడ్డం వచ్చి ఆగింది. "సెప్పకక్కా. నీకు దణ్ణం పెడతాను. మా యమ్మ కిడ్నీ జబ్బుతోనే పోయింది. దానికీ ముందు కాళ్ళే ఉబ్బినాయి. పెళ్ళికి ముందు ఈళ్ళడిగితే గుండెపోటని సెప్పేరు మావోళ్ళు. ఇప్పుడు నాకూ వొచ్చీసిందని తెలిత్తే మా అన్న ఇంటికాడ దిగబెట్టీసి వొచ్చెత్తారు. మొన్న నర్సమ్మ బీపీ సూడ్డానికొత్తే పెరటి గుమ్మంలోంచి ఎల్లిపోనాను. మూత్రం పరీక్ష సేత్తే బయటపడిపోతాది కదా."

మా ఉద్దానంలో కాళ్ళు ఉబ్బాయంటే ఎవరూ బీపీ అనుకోరు. అందరి మనసులోనూ ఒకే జబ్బు, పైకి మాత్రం ఎవరూ అనరు. సంబంధం చూసేటప్పుడు కట్నం కంటే ముందు ఆ ఇంట్లో ఎవరెలా పోయారో ఆరా తీస్తారు. ఈ పిల్ల చావుకు భయపడలేదు. చావు కంటే ముందు వచ్చే దానికి భయపడింది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఆ రెండింటికంటే ఎక్కువగా భయం వేసింది.

"మీ అమ్మ సంగతి నా నోటంట రాదు. ఈ ఉబ్బు సంగతి మాత్రం దాచను," అని 108కి ఫోను చేశాను.

కన్నమ్మ సంచి పట్టుకుని వచ్చింది. "లేవే, పూండి బస్సుకి టైమయిపోనాది. సెప్పులకెంతమ్మా?"

"బస్సెక్కొద్దు కన్నమ్మా. బీపీ మరీ ఎక్కువగా ఉంది. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బండిని పిలిచాను."

ఆమె మిషను వైపు చూసింది, నా వైపు చూసింది. "మిసను అమ్ముకోడానికి బయపెడతన్నావేటి?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇంకో రోజయితే కడిగిపారేసేదాన్ని. "మిషను నా దగ్గరే ఉంటుంది. నువ్వు కోడల్ని తీసుకెళ్ళు," అన్నాను.

"నాకేటీ లేదత్తా. ఎండకి తల నొచ్చిందంతే. ఎల్లిపోదాం," అని పావని గోడ పట్టుకుని లేచి గుమ్మం వైపు నడిచింది. నేను అడ్డం వెళ్ళాను. వంగి, ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కాను. వేలు తీసినా గుంట పూడలేదు.

కన్నమ్మ ఆ గుంటను చూసింది. అరుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నోరు పెద్దదని పేరున్న మనిషి కదా. సంచి కింద పెట్టి, కోడలి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

కొట్టు పక్కవాళ్ళకు అప్పగించి నేనూ బండెక్కాను. హైవే మీద సగం దూరం కూడా పోకముందే పావని వాంతి చేసుకుంది. పొట్ట పైభాగాన నొప్పి అంటోంది. కన్నమ్మ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, "బేగి పోనీ నాయనా, బేగి," అని డ్రైవరుకు చెబుతూనే ఉంది.

ఆసుపత్రిలో మంచం మీదకు చేర్చగానే నర్సు సూది పెట్టబోయి ఆగింది. "ఈ గాజులు తియ్యండి. చెయ్యి ఇంకా ఉబ్బితే రక్తం ఆడదు."

సబ్బు రాశారు, నూనె రాశారు. ఒక్కటీ కదల్లేదు. పగలగొట్టాలి అంది నర్సు.

"వొద్దు!" పావని చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆయన సంద్రం మీదున్నాడు. వొద్దత్తా."

మొగుడు వేటలో ఉండగా పెళ్ళాం చేతి గాజులు పగలగొట్టడమంటే బెస్తపేటల్లో ఎవరూ ఊహలోకి కూడా రానివ్వరు. గాజు దానంతటది చిట్లినా దీపం పెట్టి దండం పెట్టుకునే మనుషులు. కన్నమ్మకు ఉన్నది ఒక్కడే కొడుకు. ఆమె పెదవులు ఏదో గొణిగాయి, బహుశా గంగమ్మకు మొక్కుకుందేమో. కొంగు తీసి కోడలి మణికట్టుకు చుట్టి, మంచం ఇనప కమ్మీకి ఆనించి నొక్కింది. లోపల పటపటమని చిట్లాయి.

"గాజులకీ నా కొడుక్కీ ఏ సంబందవూ లేదు," అంది. రెండో చెయ్యి కూడా తనే పట్టుకుంది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మాట సూటిగా ఉంది. "ఇది కాన్పులో వచ్చే బీపీ. మీ వాళ్ళు గుర్రపువాతం అంటారే, అది వచ్చే ముందు స్థితి. ఫిట్స్ రాకుండా ఇంజక్షను ఇవ్వాలి. ఆ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి, అవి బాగా లేకపోతే నేను జాగ్రత్తగా చూసుకుంటూ ఇవ్వాలి. రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగడానికి లేదు. నిజం చెప్పమ్మా. నీకు గానీ, మీ ఇంట్లో గానీ కిడ్నీ జబ్బు ఉందా?"

పావని నా వైపు చూసింది. నా నాలుక చివర ఉంది ఆ మాట. చెప్పనని మాటిచ్చాను. ఇంకొక్క క్షణం చూసి మాట తప్పుదామనే అనుకున్నాను. మాట పోతే పోయింది, పిల్ల మిగలాలి.

"మా యమ్మకి," అంది పావని. కళ్ళు మూసుకుని, మొహం గోడ వైపు తిప్పేసుకుంది. "డయాలసిస్ సేయించీ సేయించీ పోయింది. నాకు ఎప్పుడూ పరీక్ష సేయించలేదు. బయమేసింది."

డాక్టరమ్మ తల ఊపి నర్సుకు ఏదో చెప్పింది. మందు ఎక్కించారు. ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీస్తే తప్ప బీపీ దిగదని, గది సిద్ధం చేయమని చెప్పి డాక్టరమ్మ వెళ్ళింది. మంచం దగ్గర మేం ముగ్గురమే మిగిలాం.

"అత్తా," అంది పావని, గోడ వైపే చూస్తూ. "నన్ను పంపీత్తావా?"

కన్నమ్మ కొంగులో చిక్కుకున్న గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. ఈ మనిషి ఇప్పుడు గనక తప్పుడు మాట అంటే ఏమైనా సరే జుట్టు పట్టుకుందామనుకున్నాను.

"నీకు అబద్దం సెప్పనే," అంది చివరికి. "మీ యమ్మ సంగతి ముందే తెలిసుంటే ఈ పెళ్ళి సేద్దును కాను. ఎవురడిగినా అదే సెబుతాను." గొంతు సవరించుకుంది. "మీ మావ బోటు మీంచి పడిపోయేడని మీవోళ్ళకి సెప్పేం. పడలేదు. మంచం మీద పోయేడు. కాళ్ళ మీద అలగే గుంటలు పడేవి, నానే నొక్కి నొక్కి సూసేదాన్ని. సంబందాలు రావని మేవూ దాసేం. మీరు మమ్మల్ని మోసం సేసేరు, మేం మిమ్మల్ని సేసేం. ఇంక నిన్నెక్కడికి పంపుతానే?"

పావని ఇటు తిరిగింది. "ఆయనకి తెలుసా?"

"తెలుసు. పరీక్షకి రారా అంటే రాడు. పనుందని గుజరాత్ ఎల్లిపోనాడు. పని కోసం ఎల్లేడనుకున్నావా?"

ఇంకేమైనా మాట్లాడేలోపే స్ట్రెచర్ వచ్చింది. పావని అత్త చేతిని వదల్లేదు. నర్సే వేళ్ళు విడిపించాల్సి వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. తూకం తక్కువని వెచ్చగా ఉండే గదిలో పెట్టారు. పావని బీపీ మర్నాటి దాకా కిందికి దిగలేదు. ఆ రాత్రంతా మేమిద్దరం వరండాలో బెంచీ మీదే ఉన్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా. తెల్లవారాక రక్తం రిపోర్టు వచ్చింది. ప్రస్తుతానికి కిడ్నీలు బాగానే ఉన్నాయని, కొన్నాళ్ళయ్యాక మళ్ళీ ఒకసారి చూడాలని డాక్టరమ్మ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

నర్సు పావనికి చేత్తోనే ముర్రుపాలు పిండడం నేర్పించింది. అడుగంటీ అంటనట్టు వచ్చిన ఆ పసుప్పచ్చ పాలను చిన్న గిన్నెలో పట్టుకుని కన్నమ్మ వరండా పొడుగునా నడిచింది. ఎదురొచ్చిన వాళ్ళందరినీ తప్పుకోమని అరుస్తూ వెళ్ళింది. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

శివాజీ బోటు మూడో నాడు ఒడ్డుకు చేరింది. ఫోను మోగినప్పుడు కన్నమ్మ వరండాలోనే ఉంది. చుట్టూ వైద్యానికి వచ్చిన జనం. పిల్ల సంగతి చెప్పింది, పావని సంగతి చెప్పింది. తర్వాత, "బేగి రైలెక్కీరా. పిల్లకి పేరెట్టడానికి కాదు. నీకు రక్తపరీక్ష సేయించాల," అంది.

ఫోనులో శివాజీ గొంతు నాకూ వినబడింది. "ఎవురైనా వింతారమ్మా. మెల్లగా అను."

కన్నమ్మ ఫోనును నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. మెల్లగా అంటుందనుకున్నాను.

"కిడ్నీ పరీక్షరా! మీ నాన్న పోయింది దాంతోనే. నీకు సేయించాల, నీ పెళ్ళానికీ మళ్ళీ సేయించాల. వింతే విననీ!"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలలు దించుకున్నారు. కొంతసేపటికి ఆ చివర ఉన్న ఒకావిడ, పక్కనున్న మొగుణ్ణి ఒకసారి చూసి, లేచి కన్నమ్మ దగ్గరకొచ్చింది.

"ఆ పరీక్ష ఏ గదిలో సేత్తారప్పా?" అని అడిగింది.