ఇద్దరికీ ఒకే ఆలస్యం

ఫైనల్‌కు గంట ముందు ఆన్‌లైన్ గేమ్ కంపెనీ నెట్‌వర్క్ ఇంజనీరు ఆ పోటీ ఆడబోతున్న తన చెల్లెలి ఇంటర్నెట్ లైన్‌ను నెమ్మది చేశాడు. ఆమె గేమ్ సర్వర్ ఉన్న ఊళ్లోనే ఉంటుంది కాబట్టి ఆమె సిగ్నల్ ఇట్టే చేరుతుంది. ప్రత్యర్థి ఉండేది సముద్రం అవతల, ఆ అమ్మాయి సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది. ఫైనల్లో మాత్రం సిగ్నల్ ఇద్దరికీ ఒకే ఆలస్యంతో చేరాలన్నది పోటీ నియమం.

ప్రాక్టీసులో చెల్లెలు బటన్ నొక్కింది. తెరమీద కత్తి ఒక క్షణం ఆగి లేచింది. వెంటనే ఫోన్ చేసింది.

“అన్నయ్యా, లైన్‌కేమైంది? నొక్కాక తీరిగ్గా ఆలోచించుకుని కదులుతోంది!”

“నేనే వేగం తగ్గించాను. ఆ అమ్మాయికి రోజూ ఇంతే.”

“సొంత అన్నవై ఉండి నాకే అడ్డం పడతావా? తీసెయ్, ఓడిపోతాను.”

“తీయను. ఇన్నాళ్లూ నువ్వు గెలిచావో, లైన్ గెలిపించిందో నీకు మాత్రం తెలుసా?”



“అయితే ఫోన్ పెట్టెయ్,” అంది. “ఈ గంటలో దీనికి చెయ్యి అలవాటు చేసుకోవాలి.”