గోడల యముడు కట్టిన గోడ

ఆయన ఆర్కిటెక్టు. మేస్త్రీలు పెట్టిన ముద్దుపేరు గోడల యముడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ఓ గోడని వేళ్లతో టకటకా కొట్టి చూసేవాడు. ఆయన వేలు పడిందంటే ఆ గోడకి నూకలు చెల్లినట్టే! "గోడ పడితే గాలొస్తుంది, వెలుతురొస్తుంది, మనుషులు కలుస్తారు" అన్నది ఆయన మంత్రం. ఆ మాటకొస్తే కలిశారు కూడా. ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు ఆయన విప్పిన హాల్లో కూర్చుని క్యారమ్స్ ఆడుకున్నారు.

అలాగని ఆషామాషీగా కూల్చే రకం కాదు. పెన్సిలు పట్టేముందు ఓ మడత స్టూలు చంకలో పెట్టుకెళ్లి, ఆ ఇంట్లో ఓ మూల పొద్దంతా కూర్చునేవాడు. మాట్లాడడు, కొలతలు తియ్యడు. ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ నిట్టూరుస్తున్నారు, ఏ కుర్చీని ఎవరూ ముట్టుకోవట్లేదు, అదే చూడ్డం. స్టూలు వెయ్యందే ఒక్క గీత గీసేవాడు కాదు.

సొంతింటికి వచ్చేసరికి మాత్రం స్టూలు వెయ్యలేదు. "నా ఇల్లు నాకు తెలీదా?" అనుకున్నాడు మహానుభావుడు. దీపం కింద చీకటని ఊరికే అన్నారా! వాళ్లమ్మా, భార్యా నాలుగు రోజులు ఆయన చెల్లెలింటికి వెళ్లొచ్చేలోగా, వంటింటికీ హాలుకీ మధ్య గోడని, పళ్లేలు అందించుకునే బుల్లి కిటికీతో సహా లేపేశాడు.

మొదట్లో అంతా బ్రహ్మాండం. ఇరుగుపొరుగు వచ్చి "అబ్బ, ఎంత విశాలంగా ఉందో!" అన్నారు. అత్తాకోడళ్లూ బాగుందన్నారు. పాలూ నీళ్లలా కలిసిపోయిన మనుషులు వాళ్లు. ఆ ఇంట్లో గట్టిగా మాటనుకోవడం ఎవరూ ఎరగరు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాగోతం.

కోడలిది ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దంతా "సారీ అండీ, చూస్తామండీ" అని అనీ, సాయంత్రం ఇల్లు చేరేసరికి ముఖం వాడిపోయి ఉండేది. ఇదివరకు ఆ ముఖం గోడకి ఇవతలే ఉండేది. కిటికీలోంచి టీ వచ్చేసరికి తేరుకునేది. ఇప్పుడు గుమ్మంలోనే అత్తగారి కంటబడుతోంది.

"నేనేం చేశానని అమ్మాయ్, ఆ ముఖం?"

"మిమ్మల్ని ఏమైనా అన్నానా అత్తయ్యా?"

"అనక్కర్లేదు. కనిపిస్తూనే ఉందిగా."

పెద్దావిడకేమో వంట చేస్తూ గొణుక్కోవడం అలవాటు. పప్పు డబ్బా కనబడకపోతే "ఎక్కడ పాతిపెట్టిందో మహాతల్లి" అంటుంది. డబ్బా దొరగ్గానే మర్చిపోతుంది. అందులో కోపం ఉండదు. ఇదివరకు ఆ గొణుగుడులో మాటల్ని గోడ మింగేసేది. ఇప్పుడు ప్రతి మాటా తిన్నగా కోడలి చెవిన పడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, కోడలు తోమే గిన్నెల చప్పుడు వీధి చివరికి వినబడేది.

యముడుగారు ఊరుకున్నాడా? గోడలకి లేతాకుపచ్చ రంగు వేయించాడు. మెత్తటి వెలుగిచ్చే దీపాలు తగిలించాడు. పూలకుండీ తెచ్చిపెట్టాడు. ఆ కుండీ ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంకో పోట్లాట అయింది.

చివరికి ఓ పొద్దున పెద్దావిడ పెట్టె సర్దుకుంది. "ఆదివారం నీ చెల్లెలొస్తుందిరా. ఇక నేనక్కడే ఉంటాను. మీ ఇద్దరూ హాయిగా ఉండండి" అంది. అరవలేదు, ఏడవలేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

ఆ మాట విని కోడలు గదిలోకెళ్లి భోరుమంది. "ఆవిణ్ణి వెళ్లనివ్వకండి. ఆవిడ లేని ఇంట్లో నేనుండలేను."

"అదేంటి? రోజూ కొట్టుకుంటున్నారుగా!"

"ఊళ్లో అందరిళ్లలో వేస్తారుగా స్టూలు. మనింట్లో వెయ్యడానికి మీకేం రోగం?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. మర్నాడు ఆఫీసు మానేసి, స్టూలు వేసి హాలు మూల కూర్చున్నాడు.

వాళ్లమ్మ ఉల్లిపాయలు తరుగుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. ఏదో అనబోయి పెదాలు బిగిస్తోంది. సాయంత్రం భార్య వచ్చింది. సంచీ పడేసి నడిచి నడిచి, గోడ ఉండే చోటికొచ్చి ఆగింది. వీపు ఆనించబోయి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి, దిక్కుతోచనట్టు నిలబడిపోయింది.

ఆయన ఆమెని బయటికి పిలిచి అడిగాడు. "అక్కడెందుకు ఆగావు?"

"రోజూ అక్కడే కూర్చునేదాన్ని. గోడకానుకుని. అవతల అత్తయ్య పాడుతుంటే వినేదాన్ని."

"మా అమ్మ పాడుతుందా?"

"ముందు కాసేపు గొణుగుతుంది, తర్వాత పాడుతుంది. ఎవరైనా చూస్తే పాడదు. గోడ పోయినప్పట్నుంచీ ఒక్క పాటా లేదండీ."

రాత్రి ఎనిమిదింటికి తప్ప ఇల్లు చేరని మనిషి. ఆయనకేం తెలుస్తుంది? ఇన్నేళ్లలో కన్నతల్లి పాట ఒక్కసారీ వినలేదని తెలిసి కుమిలిపోయాడు.

తెల్లారేసరికి మేస్త్రీని పిలిపించాడు. "గోడ కట్టాలా? మీరేనా బాబూ?" అని మేస్త్రీ పడీపడీ నవ్వాడు. ఇటుకలు లేస్తుంటే పెద్దావిడ చూసింది. ముఖం పాలిపోయింది.

"వెళ్తానన్నానుగా నాన్నా. పోయేదాకా ఆగలేక ఇప్పుడే అడ్డుగోడ కడుతున్నావా?"

అయ్యో! కోడలే చటుక్కున వెళ్లి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఆ గోడ నేనడిగాను అత్తయ్యా. దానికానుకుంటేగానీ మీ పాట వినబడదు నాకు. అది వింటేగానీ నా బుర్రలో ఆ ఫోన్ల మోత ఆగదు."

"పాటా? విన్నావా? ఎన్నాళ్లుగా?" పెద్దావిడ సిగ్గుతో చచ్చిపోయింది. "ఛీ పాడు! ఇక జన్మలో నోరు తెరవను."

అదీ వరస! గోడైతే నిలబడింది, కిటికీతో సహా. ఆదివారం చెల్లెలు రానే వచ్చింది. పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. "వెళ్లేముందు టీ పెట్టి వస్తానుండు" అని పెద్దావిడ వంటింట్లోకెళ్లింది. హాల్లో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. గోడ ఇంకా పచ్చిగా ఉంది, ఆనుకోవడానికి లేదు. కోడలు స్టూలు తెచ్చుకుని దాని పక్కనే కూర్చుంది.

చాలాసేపు ఏమీ లేదు. గిన్నె చప్పుడు, మూత చప్పుడు.

"పంచదార డబ్బా ఎక్కడ పాతిపెట్టిందో మహాతల్లి..."

కోడలి ముఖం విప్పారింది. ఆ గొణుగుడు కాస్సేపు సాగి, సన్నగా రాగంలోకి జారింది. ఒకచోట టక్కున ఆగిపోయింది. గోడవతల మనిషున్నట్టు గుర్తొచ్చినట్టుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ అందుకుంది. ఈసారి గోడవతలికి వినబడేంత గట్టిగా.

కోడలు కొంచెం జరిగి స్టూలు మీద మొగుడికి చోటిచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెల్లెలు లేచి, చప్పుడు కాకుండా అమ్మ పెట్టె తీసి లోపల పెట్టేసింది.