ఎగువ దేశం జవాబు

మా ఆఫీసులో పనల్లా ఫోన్లు చేసి జనాన్ని ప్రశ్నలడగడం. ఈ వారం ప్రశ్న ఒకటే: "వాతావరణం మారిపోతోంది కదా, మీకెంత భయం? అస్సలు లేదా, కొంచెమా, చాలానా?" ఒకే నది పారే రెండు దేశాల్లోనూ అడుగుతున్నాం. ఎగువ దేశంవాళ్ళు "అస్సలు లేదు" అంటారు. దిగువ దేశంవాళ్ళు "చాలా" అంటారు, అనేసి కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. మా అక్క కాపురం ఆ దిగువ దేశంలోనే, సరిహద్దు దాటగానే, సరిగ్గా నది ఒడ్డున. అందుకే ఇద్దరి జవాబులు విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మధ్యాహ్నం ఎగువ దేశంలో ఒక పెద్దమనిషి దొరికాడు. ఆనకట్ట మీద ఉద్యోగమట. మంచి హుషారులో ఉన్నాడు.

"భయమా? మాకెందుకమ్మా! ఎన్నడూ లేని వాన, దంచి కొడుతోంది. ఆనకట్ట నిండిపోయింది. పొద్దున్నే గేట్లన్నీ ఎత్తేశాం. ఇంక మాకు బెంగ లేదు."

"ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?"

"కిందికి. సరిహద్దు దాటాక మాకేం సంబంధం? 'అస్సలు లేదు' అని రాసుకో తల్లీ."

హెడ్‌సెట్ పక్కన పడేసి సొంత ఫోను తీశాను. "తర్వాతి నంబరు!" అని సూపర్‌వైజరు కేకేశాడు. నంబరూ లేదు, నీ మొహమూ లేదు, అనుకున్నాను.

"అక్కా, ఉన్నపళంగా ఇల్లు వదిలి బయల్దేరండి. పైనుంచి నీళ్ళు వదిలేశారు!"

"ఎవరు చెప్పారే? ఇక్కడ సైరన్ మోగలేదే."

వెనకనుంచి బావ అందుకున్నాడు. "మీ చెల్లెలికి ఆఫీసులో పనిలేనట్టుంది. మా దేశంలో అందరికీ భయమనే కదా ఊరూరా సైరన్లు పెట్టింది! అది మోగాక వెళ్దాంలే."

"బావా, మీకు దణ్ణం పెడతాను! అవతలివాళ్ళు చెబితేగా మీవాళ్ళు మోగించేది!" నాకు ఏడుపొచ్చేసింది. ఆఫీసంతా నావైపే చూస్తోంది.

"సరేలే, ఏడవకు. పాప బట్టలు సర్దుతా" అంది అక్క, నన్ను ఊరుకోబెట్టడానికి. బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"అక్కా?"

"చెల్లీ... వాకిట్లో చెప్పులు తేలుతున్నాయే." దాని గొంతు మారిపోయింది. "వీధి కనపడట్లేదు."

"పాపనెత్తుకో! మేడ మీదికి పరిగెత్తు!"

"మేడెక్కడిదే మాకు?" అంది అక్క. "పైన రేకులేగా."