వీపు తిప్పి పిలిచే పేర్లు

మా ఊళ్లో అందరూ కలిసి తాళ్లతో లాగే అలివి వల ఒడ్డుకు చేరాక చేపల్ని ఇసుక మీద కుప్పలు పోస్తారు. తాడు లాగిన మనిషికొక కుప్ప. ఏది ఎవరిదో తేల్చేది హజరత్తయ్య పెదనాయన. ఆయన కుప్పలకు వీపు తిప్పి, సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. చెంచమ్మక్క ఒక కుప్ప పక్కన నిలబడి "ఇది ఎవురికి?" అని అడుగుతుంది. ఆయన చూడకుండానే ఒక పేరు పిలుస్తాడు. ఇక దాని మీద ఎవరూ నోరెత్తకూడదు.

సముద్రంలో పోయిన మనిషికి కూడా ఏడాది పాటు కుప్ప పోస్తారు. మా నాయన పెంచలయ్య కిందటి కార్తీకంలో అలల దగ్గర పడవ తిరగబడి పోయాడు. అప్పటినుంచి వల పడిన ప్రతిసారీ నేను గంప తీసుకుని వెళ్లి వెనకగా నిలబడేదాన్ని. చేపల కోసం వెళుతున్నానని అమ్మ అనుకునేది. నేను వెళ్లింది ఆ పిలుపు కోసం. ఇంట్లో నాయన పేరు వినపడదు. అమ్మ తెల్లారకముందే రొయ్యల కంపెనీ వ్యానెక్కి అల్లూరు వైపు వెళ్లిపోతుంది. ఇంట్లో ఉన్నా ఆమె భర్త పేరు పలకదు. నేనూ ఎప్పుడూ నాయన అనే అన్నాను. ఆ పేరు మిగిలింది హజరత్తయ్య పెదనాయన నోట్లోనే.

మొన్న నాయనకు ఏడాది తద్దినం పెట్టాం. ఇక కుప్ప లేదు, పిలుపు లేదు. ఏడాది దాటాక కూడా పిలిస్తే, పోయినవాడు వెళ్లలేక ఒడ్డునే తిరుగుతుంటాడని మావాళ్లు నమ్ముతారు.

వాయుగుండానికి బడికి సెలవిచ్చారు. వాన తెరిపిచ్చాక వల దించుతున్నారని తెలిసి నాకొక ఆలోచన వచ్చింది. తాడు లాగినవాళ్లు తమ కుప్పని ఇష్టమైన పేరు మీద పిలిపించుకోవచ్చు. చెంచమ్మక్క తన మనవరాలి పేరు చెబుతుంది. నేను నాయన పేరు చెబుతాను. దారి పొడవునా ఆ మాట లోపల్లోపలే అనుకుంటూ నడిచాను.

వానలకు కాలువ పొంగి ఎర్రనీళ్లు సముద్రంలోకి చాలా దూరం పోయాయి. ఎర్రనీళ్లూ పచ్చనీళ్లూ కలిసేచోట గీత గీసినట్టుంది. దాని మీద తెల్లపిట్టలు దిగి లేస్తున్నాయి. అలాంటి గీత కనపడితే నాయన అన్నం వదిలేసి లేచేవాడు. చిన్న చేపలు నెత్తళ్లు మేతకి అక్కడికి చేరతాయి, వాటిని తినడానికి వెనకే పెద్ద పార చేప వస్తుంది. పడవవాళ్లు ఆ గీతని చుట్టి వల దించి, రెండు తాళ్ల కొసలూ ఒడ్డుకు తెచ్చారు. నేను వెళ్లి చెంచమ్మక్క వెనక తాడు పట్టుకున్నాను.

"ఏందమ్మే, నువ్వు తాడు పట్టుకోనుండావా, తాడే నిన్ను పట్టుకోనుండాదా?" అంది ఆమె.

అందరూ నవ్వారు. నేను తల వంచుకుని లాగాను. నీళ్ల ఈడ్పు ఉత్తరం నుంచి బలంగా ఉంది. లాగేకొద్దీ వల దక్షిణానికి జరిగిపోతోంది. మేమూ దానితోపాటే ఇసుకలో పక్కకి అడుగులు వేశాం. అరచేతులు మండాయి.

వల నిండా నెత్తళ్లే. వాటి మధ్య కానాగంతలు, అక్కడక్కడా ఒక పార. కుప్పలు పోశారు.

"కొత్తగా లాగినోళ్లుంటే పేరు చెప్పండి," అన్నాడు హజరత్తయ్య పెదనాయన.

నోరు తెరిచాను. దారంతా అనుకున్న పేరు బయటికి రాలేదు. ఆయన కాసేపు చూసి వీపు తిప్పేశాడు. చెంచమ్మక్క అడుగుతోంది, ఆయన పిలుస్తున్నాడు, గంపలు నిండుతున్నాయి. చివరికి ఒక్క కుప్ప మిగిలింది.

"ఇది ఎవురికి?"

"పెంచలయ్య."

ఎప్పటిలాగే, చివరి అక్షరం సాగదీసి పిలిచాడు. నా ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడింది. గంపలెత్తుతున్నవాళ్లు ఆగి ఇటు చూశారు.

"అన్నా," అంది చెంచమ్మక్క మెల్లగా. "ఏడాది అయిపాయ గదా. ఇది ఈ పిల్ల కుప్ప. పొద్దున్నించీ లాగతా ఉండాది."

ఆయన ఇటు తిరిగాడు. "నోటికి అలవాటైపోయిందమ్మే. నీ పేరేంది?"

ఏడాదిగా వస్తున్నాను. అందరికీ పెంచలయ్య కూతుర్నే.

"నువ్వు ఏ పేరు చెప్తే అదే పిలస్తా," అన్నాడాయన. "మళ్లా ఆ పేరే పిలవమన్నా పిలస్తా. నువ్వే చెప్పాల."

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. నాయనకు వానలో తడవడం గిట్టేది కాదు. సముద్రంలో ఎంతసేపైనా నానేవాడు కానీ, చినుకు పడితే తువ్వాలు నెత్తిన వేసుకుని ఇంటికి పరుగెత్తేవాడు. ఆ ఒడ్డున, ఆ వానలో, పిలిచినప్పుడల్లా ఆగి వెనక్కి చూస్తూ ఆయన ఒక్కడే తిరగడం నాకు కనపడింది.

"రోజా," అన్నాను.

"ఏందీ?"

"రోజా."

ఆయన వీపు తిప్పాడు. చెంచమ్మక్క మళ్లీ అడిగింది. "రోజా" అని ఆయన సముద్రం వైపు చూసి, నాయన పేరుని సాగదీసినట్టే సాగదీసి పిలిచాడు. నా పేరు అంత గట్టిగా ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఇంటికొచ్చి పార కూర వండి మూత పెట్టాను. పొద్దు గూకాక అమ్మ వచ్చి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చుంది.

"చేప యాడిది?"

"వలలో మన పాలు."

"ఏడాది అయిపోయింది గదా. ఎవురి పేరు మీద ఇచ్చినారు?"

"నా పేరు మీద."

అమ్మ నా అరచేతుల వైపు చూసింది. తన కంచంలోని తలకాయ ముక్క తీసి నా కంచంలో వేసింది. ఆ ముక్క ఎప్పుడూ నాయనకే వేసేది.