నొప్పి తెలియని పాదం

బూటు విప్పుతుంటే లచ్చన్నకు సాక్సు తడిగా తగిలింది. చెమటేమో అనుకున్నాడు. ఎదురు మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న సమీయుల్లా కత్తి పక్కన పెట్టాడు.

"లచ్చన్నా, కదలాకు. నీ కాలు కింద నెత్తురుండాది."

తిప్పి చూస్తే బొటనవేలి కింద మేకు దిగిన గుంట కనబడింది. పొద్దున సైట్లో షట్టరింగ్ చెక్కలు ఊడదీసేటప్పుడు తొక్కి ఉంటాడు. రోజంతా దాని మీదే నడిచాడు.

"నొప్పి లేదా?"

"లేదు భాయ్. ఈ మధ్య అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నయి, గంతే."

సమీయుల్లా కడప వాడు. ఒమాన్‌లోని ఈ రుసైల్ లేబర్ క్యాంపు నుంచి సైట్లకు కంపెనీ బస్సు తోలుతాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన లచ్చన్న కన్నా పదేళ్లు పెద్ద. ఆ గాయాన్ని చూస్తూ మెల్లగా అడిగాడు. "నీకు షుగరుందా?"

లచ్చన్న తడి సాక్సును ముద్దచేసి బూట్లో కుక్కాడు. పోయినసారి సెలవు మీద ఇంటికి పోయినప్పుడే తేలింది. మాత్రలు కట్టించుకుని వచ్చాడు. అవి అయిపోవస్తుంటే దినం తప్పించి దినం వేసుకున్నాడు. ఇన్సూరెన్స్ కోసం కంపెనీ వాళ్లు జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నాడు. ఇదివరకటి కంపెనీలో ఒకతనికి గుండెజబ్బని తెలిశాక వీసా రెన్యువల్ చేయలేదు. అది కళ్లారా చూసినవాడు.

"ఎవలకు చెప్పకు భాయ్," అన్నాడు చివరికి.

"చెప్పను గానీ, ముందు లెయ్. ఆస్పత్రికి పోదాం."

క్లినిక్‌లో నర్సు మల్లీశ్వరి కాకినాడ ఆవిడ. గాయం కడిగి కట్టు కట్టింది. రెండో పాదం కూడా తన ముందున్న స్టూలు మీద పెట్టించుకుంది. "కళ్లు మూసుకోండి. సన్నటి దారంతో తాకుతాను. తగిలినప్పుడల్లా చెప్పండి."

లచ్చన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎంతకూ ఏమీ తగల్లేదు.

"ఇగ మొదలువెట్టుండ్రి సిస్టర్," అన్నాడు.

మల్లీశ్వరి దారం పక్కన పెట్టింది. "అయిపోయిందండీ," అంది.

కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు చూసి, కట్టుకీ గాయం మందులకీ సరే అన్నారు. షుగరు పరీక్షలకూ, ఇన్సులిన్‌కూ, పాదాల డాక్టరుకూ మాత్రం కుదరదన్నారు. జబ్బు లేదని రాయించుకున్న మనిషికి జబ్బు ఖర్చు ఇవ్వరు కదా. మల్లీశ్వరి గుమ్మం దాకా వెంట వచ్చింది. "షుగరున్నవాళ్లకి మూడు నెలలకోసారి రక్తం చూడాలండీ. ఏడాదికోసారైనా కళ్లూ పాదాలూ చూడాలి. మీకు ఒక్కటీ జరగలేదు. ఆఫీసులో చెప్పెయ్యండి. చెబితేగానీ ఇన్సూరెన్స్ వాళ్లని అడిగే దారి ఉండదు."

లచ్చన్న తల ఊపాడు గానీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రం డ్యూటీ దిగగానే సమీయుల్లా టబ్బులో నీళ్లు తెచ్చేవాడు. తన ముంజెయ్యి ఓర్చుకునేంత వేడే ఉందో లేదో చూసుకుని, బాగున్న పాదాన్ని కడిగేవాడు. గాయమున్న దానికి నర్సు చూపించినట్టు కట్టు మార్చేవాడు. పెద్దవాడు తన కాళ్లు ముట్టుకుంటుంటే లచ్చన్నకు ప్రాణం చచ్చిపోయేది.

"నువ్వు నా కాళ్లు పట్టుడేంది భాయ్. ఇడిసిపెట్టు."

సమీయుల్లా తలెత్తలేదు. "మా నాయనకు షుగరు. ఊర్లో కాలు తీసేసినప్పుడు నేనీడ బస్సు తోలుతాండా. పుండు ఎప్పుడు పడిందో, ఎట్ల పెరిగిందో నేను చూళ్లా. అంతా అయినాక ఫోన్లో చెప్పినారు." తువాలు తీసుకుని వేళ్ల సందుల్లో తడి అద్దాడు. "ఈ కాలన్నా చూడనీ."

లచ్చన్న మరి కాలు వెనక్కి తీసుకోలేదు. కాసేపయ్యాక, "ఆఫీసుకు ఎప్పుడు పోదాం?" అని అడిగాడు.

హెడ్డాఫీసు అల్ ఖువైర్‌లో ఉంది. సమీయుల్లా తన సెలవు రోజున తీసుకెళ్లాడు. అక్కడ వర్కర్ల కాగితాలు చూసే ఫహద్ అనే ఒమానీ కుర్రాడు లచ్చన్న చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అబద్ధం చెప్పావు," అన్నాడు హిందీలో.

"అవును సార్. పంపిచ్చేస్తరని భయమైంది."

ఫహద్ కట్టు కేసి చూశాడు. "మా అమ్మ కూడా అందరి దగ్గరా దాచింది. కళ్లు మసకబారేదాకా." పెన్ను తీసి లచ్చన్న పేరు రాసుకున్నాడు. "మాట ఇవ్వలేను. అడుగుతాను. మేనేజర్ నీ మీద కోప్పడితే ఓర్చుకో."

మేనేజరు కోప్పడ్డాడు. ఎత్తుల మీద పని మాన్పించి స్టోర్‌లో హెల్మెట్లూ బెల్టులూ ఇచ్చే డ్యూటీ వేశాడు. ఓవర్‌టైమ్ పోయింది. లచ్చన్నకు అది బాగానే బాధ కలిగించింది. అయితే ఇంటికి పంపలేదు. పాలసీ కొత్తగా రాసినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు షుగరును చేర్చుకున్నారు. ఇన్సులిన్, రక్త పరీక్షలు, పాదాల డాక్టరు వచ్చాయి. కళ్ల పరీక్ష మాత్రం రాలేదు. దానికోసం ఇంకా రాస్తూనే ఉన్నానని ఫహద్ చెప్పాడు.

గాయం మానుతూ వచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం లచ్చన్న ధైర్యం చేసి భార్య సత్తవ్వకు వీడియో కాల్ చేశాడు. చుట్టూ తిప్పి తిప్పి, నాకు షుగరుందే అని చెప్పాడు.

"నాకెరికే," అంది సత్తవ్వ. "సెలవుల వచ్చినప్పుడు చక్కెర లేని చాయ్ మంచిగుంటదని తాగినవు. సీసెడు చక్కెర తినేటోనివి. నువ్వే చెప్తవని చూసిన."

"అడగకపోతివి మరి."

"అడిగితె ఇంకింత దాచుకుందువు. కాలు చూపియ్యి."

ఫోన్ కిందికి దించాడు. ఆమె కళ్లు చిట్లించి చూసింది. దగ్గరికి పెట్టమంది. ఇంకొంచెం దగ్గరికి. కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడైంది.

"ఎవలు కట్టు కడుతుండ్రు?"

"సమీ భాయ్."

"ఫోన్ ఆయనకియ్యి."

సమీయుల్లా చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక సలాం చేశాడు.

"అన్నా," అంది సత్తవ్వ, "రోజు గిదే యాళ్లకు నాకు ఫోన్ చెయ్యిండ్రి. మీరు కాలు చూసేటప్పుడు నేను సుత చూస్త."

"సరేమ్మా," అన్నాడు సమీయుల్లా. టబ్బు పక్కనున్న కుర్చీకి ఫోన్ ఆనించి నిలబెట్టి, లచ్చన్న మడమ కింద మెల్లగా చెయ్యి పెట్టాడు.